ప్రయోగశాల నుంచి విద్యాపీఠానికి: ఆచార్య పచ్చా రామచంద్రరావు

తెలుగువారిలో గొప్ప విద్యాపాలకుల ప్రస్తావన వచ్చినప్పుడు సాధారణంగా మూడు పేర్లు ముందుగా స్మరణకు వస్తాయి. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు అధ్యక్షులై, అనంతరం 1925లో మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవిని అలంకరించిన రఘుపతి వెంకటరత్నం నాయుడు ఒకరు. మైసూరు మహారాజా కళాశాలలోనూ ఆ సంస్థాన విద్యాశాఖలోనూ పనిచేసి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డి మరొకరు. 1931లో అదే పీఠాన్ని అధిష్ఠించి, ఆ తరువాత 1939 నుంచి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయ భారాన్ని మోసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ మూడవవారు. ముగ్గురూ సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రాల నుంచి పాలనారంగానికి వచ్చినవారే. వారి ఉపన్యాసాలను, రచనలను మన పాఠకలోకం నేటికీ గుర్తుంచుకుంటున్నది.

స్వాతంత్ర్యానంతరం ఈ పరంపర మరొక దారి పట్టింది. ప్రయోగశాలలు, పరిశోధన సంస్థలు దేశమంతటా వెలసిన తరువాత, విద్యాసంస్థల పాలన క్రమంగా విజ్ఞానశాస్త్రవేత్తల చేతికీ వచ్చింది. వీరిలో చాలామంది సాహిత్యలోకానికి దాదాపు అపరిచితులు. అట్టివారిలో కృష్ణా జిల్లా కౌతవరంలో 1942 మార్చి 21న జన్మించిన ఆచార్య పచ్చా రామచంద్రరావు ఒకరు. ఆయన జీవితంలో ఇరవై ఎనిమిదేళ్లు కాశీలో అధ్యాపకత్వంలో, పదేళ్లు జంషెడ్‌పూర్‌లో ప్రయోగశాల సంచాలకత్వంలో, ఐదేళ్లు రెండు విద్యాసంస్థల ఉపకులపతిత్వంలో గడిచాయి. ఈ క్రమంలో జంషెడ్‌పూర్ దశాబ్దం కీలకమైనది. బోధన ఒకచోట, పరిశోధన మరొకచోట అని మన దేశం గీసుకున్న గీతను ఆయన రెండుసార్లు దాటారు. మొదట తరగతి గది నుంచి ప్రయోగశాలకు, ఆపై ప్రయోగశాల నుంచి తిరిగి విశ్వవిద్యాలయానికి. ఆ గీత ఎట్లా ఏర్పడిందో, దానిని దాటిన వ్యక్తి ఏమి సాధించగలిగారో తెలుసుకోవడానికి ఈ జీవితం చక్కని ఆధారం.

ఉక్కు నగరంలో విద్య

జంషెడ్‌పూర్ పేరు వినగానే స్ఫురించేది ఉక్కు. 1907లో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమ సమీపంలోని సాక్చీ అనే పల్లెను కర్మాగారానికి ఎన్నుకున్నారు. 1911 డిసెంబరులో తొలి ఇనుము, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు అక్కడ పోతపోశారు. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. కొలిమి చుట్టూ పెరిగిన ఆ నగరానికి దేశం నలుమూలల నుంచి శ్రామికులు, గుమాస్తాలు, ఇంజనీర్లు తరలి వచ్చారు. బెంగాల్ నాగపూర్ రైలుమార్గం వెంట ఖరగ్‌పూర్ చేరినట్లే, ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి అనేక తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్ కూడా చేరాయి. ఆ కుటుంబాలలో మూడు నాలుగు తరాలుగా అక్కడే స్థిరపడినవి ఉన్నాయి.

అయితే కర్మాగారం ఉన్నచోట విద్య కూడా అవసరమవుతుందని ఆ నగర నిర్మాతలు త్వరలోనే గ్రహించారు. 1921లో సాంకేతిక శిక్షణాలయం వెలసింది. 1949లో జెస్యూట్ మతాచార్యుల కృషితో జేవియర్ కార్మిక సంబంధాల సంస్థ ఏర్పడింది. యజమానులకు, కార్మిక నాయకులకు కూడా పారిశ్రామిక సంబంధాలు బోధించవలసిన విషయమేనన్న ఆలోచన దాని వెనుక ఉంది. 1960లో ప్రాంతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థ ప్రారంభమైంది. 2002లో అదే జాతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థగా మారింది. వీటన్నిటి నడుమ నిలిచినది జాతీయ లోహ పరిశోధనాశాల. 1946 నవంబరులో చక్రవర్తి రాజగోపాలాచారి దీనికి శంకుస్థాపన చేయగా, 1950 నవంబరు 26న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభోత్సవం జరిపారు. నలభై రెండేళ్ల తరువాత, 1992లో, రామచంద్రరావు ఈ ప్రయోగశాలకే సంచాలకులై వచ్చారు.

గీత గీసిన కాలం

ఈ ప్రయోగశాల ఒంటరిగా పుట్టినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి ఏర్పడింది. రసాయన శాస్త్రవేత్త శాంతిస్వరూప్ భట్నాగర్ దానికి సారథి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దంలో ఆ మండలి ఆధ్వర్యంలో భౌతిక, రసాయన, లోహ, ఇంధన శాస్త్రాలకు జాతీయ ప్రయోగశాలలు వరుసగా అవతరించాయి. పరిశ్రమలు లేని దేశానికి పరిశోధన ద్వారా పరిశ్రమను నిర్మించాలన్న సంకల్పం వాటిలో ఉంది. ఆ సంకల్పంలో చిత్తశుద్ధికి లోటు లేదు.

కాని ఒక నష్టం కూడా జరిగింది. ఉత్తమ పరికరాలు, నిధులు, యువశాస్త్రవేత్తలు ప్రయోగశాలల వైపు మళ్లగా, విశ్వవిద్యాలయాలకు పాఠం చెప్పడం, పరీక్ష పెట్టడం, పట్టా ఇవ్వడం ముఖ్యకార్యాలుగా మిగిలాయి. విశ్వవిద్యాలయాలను విస్మరించి ప్రయోగశాలలను పెంచడం తగదని మేఘనాథ్ సాహా వంటి శాస్త్రజ్ఞులు ఆనాడే విమర్శించారు. ఆ విమర్శ ఫలించలేదు. ఫలితంగా ప్రయోగశాలలో పనిచేసే యువకునికి పరికరం ఉంటుంది, పట్టా ఇచ్చే అధికారం ఆ సంస్థకు ఉండదు. అతడు మరొక విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకొని సిద్ధాంతవ్యాసం సమర్పించుకోవాలి. విశ్వవిద్యాలయంలోని విద్యార్థికి గురువు ఉంటాడు, ఆ గురువుకు తగిన పరికరం ఉండదు. దశాబ్దాలపాటు మన విజ్ఞానరంగం ఈ రెండు లోట్ల మధ్య నడిచింది. రామచంద్రరావు వృత్తిజీవితం రెండవ లోటు ఉన్న వైపు మొదలైంది.

కాశీలో ఇరవై ఎనిమిదేళ్లు

1963లో రామచంద్రరావు ఉన్నత విద్యకై కాశీ హిందూ విశ్వవిద్యాలయం చేరారు. మదనమోహన మాలవీయ 1916లో స్థాపించిన ఆ విద్యాపీఠం వేదవేదాంగాలకు, సంస్కృతానికి పీఠమని మనవారి తలపు. లోహశాస్త్రంలోనూ అది ముందడుగు వేసినదే. 1923లోనే అక్కడ లోహశాస్త్ర బోధన ఆరంభమైంది. దేశంలో ఈ శాస్త్రాన్ని పట్టా స్థాయిలో నేర్పిన తొలి విద్యాసంస్థలలో అది అగ్రస్థానంలో ఉంది. వెనుకటి తరాలవారు ముక్తికై కాశీ చేరితే, ఈ తరం తెలుగు యువకులు కొందరు లోహవిద్యకై కాశీ చేరారు.

ఆ విభాగానికి అప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో శిక్షణ పొందిన ఆచార్య టి.ఆర్. అనంతరామన్ నాయకులు. ఆయన పర్యవేక్షణలో రామచంద్రరావు 1968 నాటికి డాక్టరేటు పూర్తిచేశారు. అంతకు ముందే, 1964లో, అధ్యాపక బృందంలో చేరారు. కనుక కొన్నేళ్లపాటు ఆయన ఒకే విభాగంలో విద్యార్థి, ఉపాధ్యాయుడు కూడా. 1992 వరకు ఆ అధ్యాపకత్వం అవిచ్ఛిన్నంగా సాగింది.

అనంతరామన్ శిష్యబృందం చేపట్టిన విషయం శీఘ్ర ఘనీభవనం. దాని ప్రాముఖ్యం తెలియాలంటే మన ప్రాంతపు పాత కథ ఒకటి గుర్తు చేసుకోవచ్చు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో పూర్వం మట్టి మూసలలో ఇనుమునూ కర్రబొగ్గునూ కరిగించి, నిదానంగా చల్లార్చి ఉక్కు చేసేవారు. పారశీక వర్తకులు ఆ ఊరికే వచ్చి ఆ ఉక్కు ముద్దలను కొనుక్కొని పోయేవారు. డెమాస్కస్ ఖడ్గాలుగా పేరొందిన కత్తుల మీద కనబడే అలల వంటి రేఖలకు ఆ నిదానపు చల్లార్పే ఒక కారణం. చల్లారే కాలం దొరికితే లోహంలోని అణువులు తమకు తగిన చోటు వెదకుకొని బారులు తీరుతాయి. ఆ అమరికనే స్ఫటికమంటారు.

1960లో అమెరికాలో పోల్ డ్యువెజ్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి సరిగ్గా విరుద్ధమైన పని చేశాడు. కరిగిన బంగారం, సిలికాన్ మిశ్రమాన్ని చల్లని రాగి ఫలకం మీదికి వేగంగా చిమ్మి, సెకనుకు పదిలక్షల డిగ్రీల స్థాయి వేగంతో చల్లార్చాడు. అణువులకు బారులు తీరే వ్యవధి చిక్కలేదు. ద్రవంలోని అస్తవ్యస్తత అట్లాగే గట్టిపడి, గాజు వంటి నిర్మాణం గల లోహం లభించింది. ఈ కొత్త రంగంలో భారతదేశం నుంచి తొలుతనే అడుగుపెట్టినది కాశీ బృందం. దీనికి కావలసిన పరికరాన్ని విభాగంలోనే అమర్చుకోవచ్చు. కోట్ల రూపాయల యంత్రాలు లేని విశ్వవిద్యాలయానికి తగిన సమస్యను ఎన్నుకోవడంలోనే ఆ గురువు దూరదృష్టి ఉంది.

ఈ రంగంలో రామచంద్రరావు ప్రత్యేకించి ఆలోచించినది ఒక మూలప్రశ్నను గురించి. ద్రవలోహం ఎప్పుడు స్ఫటికమవుతుంది, ఎప్పుడు గాజుగా మిగులుతుంది? గడ్డకట్టవలసిన ఉష్ణోగ్రతకు దిగువన ద్రవంగానే నిలిచిన లోహపు ధర్మాలను నేరుగా కొలవడం కష్టం, అది క్షణాలలో ఘనీభవిస్తుంది. అందువల్ల కొలవగలిగిన కొద్దిపాటి అంశాల నుంచి కొలవలేని స్థితిని గణించే సూత్రాలను ఆయన, ఆయన సహచరులు రూపొందించారు. ఇంజనీరింగ్ శాస్త్రాల విభాగంలో 1985లో ఆయనకు లభించిన శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం ఈ దీర్ఘకృషికి గుర్తింపు.

అదే ఏడు మరొక విశేషం జరిగింది. అల్యూమినియం, మాంగనీసు మిశ్రమంలో స్ఫటికశాస్త్ర నియమాలకు పొసగని ఐదంచెల సౌష్ఠవాన్ని డాన్ షెక్ట్‌మన్ బృందం 1984 చివర ప్రకటించింది. క్వాసీ స్ఫటికాలని పేరుపడిన ఆ పదార్థాలను గురించి ప్రపంచమంతటా వాదోపవాదాలు చెలరేగాయి. రామచంద్రరావు, ఆయన సహచరుడు జి.వి.ఎస్. శాస్త్రి ఆ వాదంలోకి ఒక ఆచరణాత్మక ప్రశ్నతో ప్రవేశించారు. ఇరవై ముఖాల ఘనరూపంలో అణువులు గుమికూడిన స్ఫటికాలు కొన్ని ముందే తెలిసినవి ఉన్నాయి. అట్టి మిశ్రమాన్ని వేగంగా చల్లారిస్తే క్వాసీ స్ఫటికం రావాలి కదా అని వారు తర్కించారు. మెగ్నీషియం, అల్యూమినియం, జింకు కలిసిన మిశ్రమంలో ఆ తర్కం నిజమైంది. యాదృచ్ఛికంగా దొరికిన పదార్థానికి తరువాత కారణం వెదకడం వేరు, కారణాన్ని ముందు ఊహించి పదార్థాన్ని సాధించడం వేరు. కాశీలో జరిగినది రెండవది. 1985లో భారతీయ పత్రిక అయిన 'ప్రమాణ'లోనే ఈ ఫలితం ప్రచురితమైంది. షెక్ట్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమతి వచ్చిన నాటికి రామచంద్రరావు జీవించి లేరు.

జంషెడ్‌పూర్ దశాబ్దం

ఇట్టి అధ్యాపకుడు తన యాభయ్యో ఏట విశ్వవిద్యాలయాన్ని విడిచి ప్రయోగశాల బాధ్యత తీసుకోవడం సామాన్య నిర్ణయం కాదు. అందులోనూ ఆ కాలం సామాన్యమైనది కాదు. 1991 జూలై నాటి పారిశ్రామిక విధానం ఉక్కు పరిశ్రమను లైసెన్సుల నుంచి విముక్తం చేసింది. దేశమంతటా ఉక్కు ఒకే ధరకు లభించేటట్లు చేసిన రవాణా వ్యయ సమీకరణ పద్ధతి 1992 ఆరంభంలో రద్దయింది. దిగుమతి సుంకాలు తగ్గసాగాయి. రక్షిత విపణిలో పెరిగిన కర్మాగారాలు ఒక్కసారిగా ప్రపంచంతో పోటీకి నిలబడవలసి వచ్చింది. జంషెడ్‌పూర్ కర్మాగారం ఆ దశాబ్దమంతా పాత కొలుములను మార్చుకొంటూ, పని పద్ధతులను సంస్కరించుకొంటూ గడిపింది.

ఆ మార్పు ప్రయోగశాల గేటు దగ్గర ఆగలేదు. స్వదేశీ సాంకేతిక పరిజ్ఞానాన్ని సమకూర్చడం అంతవరకు దాని ధ్యేయం. విదేశీ పరిజ్ఞానాన్ని ఎవరైనా కొనుక్కోగల కాలంలో ఆ ధ్యేయానికి కొత్త అర్థం వెదకవలసి వచ్చింది. 1995లో ఆర్.ఏ. మషేల్కర్ పరిశోధనా మండలి మహాసంచాలకులయ్యారు. 1996లో వెలువడిన మండలి దార్శనిక పత్రం, ప్రయోగశాలలు పరిశ్రమల నుంచి ఆదాయం సమకూర్చుకోవాలనీ, పేటెంట్లు సాధించాలనీ స్పష్టమైన లక్ష్యాలు విధించింది. ప్రభుత్వ గ్రాంటు మీద ఆధారపడిన శాస్త్రవేత్త ఇక ఖాతాదారుని వెదుక్కోవలసిన కాలం వచ్చింది.

ఈ విధానంలోని మేలు, కీడు రెండూ జంషెడ్‌పూర్‌లో ఒక ఉదాహరణతో తెలుస్తాయి. జాతీయ లోహ పరిశోధనాశాలకు ప్రతిష్ఠ తెచ్చిన విభాగాలలో క్రీప్ పరీక్షాశాల ఒకటి. ఎర్రగా కాగిన లోహం మీద స్థిరమైన బరువు ఉంచితే, అది కంటికి కనపడని వేగంతో సాగుతూ పోయి చివరికి తెగుతుంది. ఈ ధర్మమే క్రీప్. తాపవిద్యుత్ కేంద్రాల బాయిలరు గొట్టాలు, ఆవిరి నాళాలు ఈ విధంగానే వయసు మళ్లుతాయి. వాటిని సాధారణంగా లక్ష గంటల సేవకు రూపొందిస్తారు, అనగా సుమారు పదకొండున్నర సంవత్సరాలు. గడువు తీరిన గొట్టాన్ని తీసివేయాలా, మరికొంత కాలం నడపవచ్చునా అన్న ప్రశ్నకు సరైన సమాధానం దొరికితే విద్యుత్ సంస్థలకు కోట్ల రూపాయలు ఆదా అవుతాయి. సమాధానం తప్పితే మనుషుల ప్రాణాలకే ముప్పు. ఈ సలహాకు ఖాతాదారులు ఉంటారు, ఆదాయమూ ఉంటుంది.

అయితే ఆ సలహా ఇవ్వగలగడానికి ఆధారమైన పరీక్షలు వేల గంటలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి సాగాలి. లోహపు నమూనాను కొలిమిలో వేలాడదీసి, బరువు తగిలించి, విద్యుత్ ఆగకుండా, ఉష్ణోగ్రత మారకుండా కాచుకొని కూర్చోవాలి. ఏ ఒక్క సంవత్సరపు ఆదాయవ్యయ పట్టికలోనూ ఆ నిరీక్షణకు చోటు ఉండదు. ఈనాడు అమ్ముడుపోయే సలహా, పదేళ్ల నాడు ఎవరూ అడగకుండా మొదలుపెట్టిన పరీక్ష ఫలితం. కొత్త విధానంలో ప్రయోగశాల సంచాలకుని నిజమైన పరీక్ష ఇక్కడే ఉంది. ఆదాయం తేవాలి. ఆదాయం తేని పనిని కాపాడాలి.

ఆ దశాబ్దపు ప్రచురణలను చూస్తే రామచంద్రరావు ఈ సమతూకాన్ని తన సొంత పనిలోనూ పాటించినట్లు కనిపిస్తుంది. పాలనాభారం మోస్తూనే ఆయన కొత్త రంగంలోకి అడుగుపెట్టారు. ప్రకృతి ఎముకను, గవ్వను, దంతాన్ని ఎట్లా నిర్మిస్తున్నదో గమనించి, ఆ మార్గంలోనే పదార్థాలను తయారుచేసే విద్య అది. ఎముకలోని ఖనిజాన్ని మెత్తని పాలిమర్ మాతృకలో అతిసూక్ష్మ కణాలుగా పెరిగేటట్లు చేయడం ఆయన బృందం సాధించిన పనులలో ఒకటి. పెద్ద కొలుములకు పేరుపొందిన సంస్థలో, సాధారణ గది ఉష్ణోగ్రత దగ్గర నీటిలో జరిగే ఈ ప్రక్రియకు చోటు కల్పించడం గమనించదగినది. కొలిమిలో సెకనుకు లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చడం నేర్చిన శాస్త్రవేత్త, కొలిమే అక్కరలేని నిర్మాణాన్ని అధ్యయనం చేయడానికి పూనుకున్నారు. యాభై దాటిన సంచాలకుడే కొత్త పాఠం మొదలుపెట్టినప్పుడు యువశాస్త్రవేత్తలకు అంతకు మించిన ప్రోత్సాహం వేరే అక్కరలేదు.

2000 నవంబరు ఆ ప్రయోగశాలకు రెండు విధాల చారిత్రకమైనది. ఆ నెల 15న బీహారు నుంచి విడివడి జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది. పదకొండు రోజులకు ప్రయోగశాలకు యాభై ఏళ్లు నిండాయి. బీహారులో పుట్టిన సంస్థ స్వర్ణోత్సవం నాటికి ఖనిజసంపదే ప్రధాన ఆధారమైన కొత్త రాష్ట్రంలో ఉంది. నేల కింద ఇనుము, బొగ్గు, రాగి ఉన్నంత మాత్రాన ఆ నేల మీది మనుషులకు విద్య సమకూడదన్నది ఆ ప్రాంతపు అనుభవం. రాష్ట్రంలోని ఉన్నత విజ్ఞాన సంస్థలకు ఈ కొత్త పరిస్థితి కొత్త బాధ్యతను తెచ్చింది.

తిరిగి కాశీకి

2002లో రామచంద్రరావు కాశీ హిందూ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా నియమితులయ్యారు. ఆయనకు ముందు 1998 నుంచి ఆ పదవిలో ఉన్నవారు కూడా తెలుగువారైన వై.సి. సింహాద్రి. మాలవీయ, రాధాకృష్ణన్ కూర్చున్న పీఠం అది. అక్కడ విద్యార్థిగా చదివి, ఇరవై ఎనిమిదేళ్లు పాఠం చెప్పి, చివరికి అదే ప్రాంగణాన్ని పాలించిన వారు ఆ విద్యాపీఠ చరిత్రలో అత్యంత అరుదు.

ఈ గౌరవంలోనే కష్టమూ ఉంది. బయటివాడు పాలకుడై వస్తే తెలియనితనం ఒక రక్షణ. లోపలివాడు వస్తే నిన్నటి సహాధ్యాయి, నిన్నటి శిష్యుడు, నిన్నటి విభాగ ప్రత్యర్థి అందరూ ఎదుట ఉంటారు. సొంత విభాగానికి మేలు చేస్తే పక్షపాతమంటారు, చేయకపోతే మరచిపోయాడంటారు. ఆయన నేరుగా విభాగం గది నుంచి ఉపకులపతి గదికి వెళ్లి ఉంటే ఈ చిక్కు మరింత బిగిసేది. మధ్యలో జంషెడ్‌పూర్‌లో గడచిన పదేళ్లు ఆయనకు ఆ ప్రాంగణం నుంచి కావలసినంత దూరాన్ని ఇచ్చాయి. ఖాతాల లెక్క, ఖాతాదారుని అవసరం, గడువు, బాధ్యత వంటి మాటలు విశ్వవిద్యాలయంలో కంటె ప్రయోగశాలలో త్వరగా అలవడతాయి. ఆ అలవాటుతోనే ఆయన తిరిగి వచ్చారు.

అయినా రెండు సంస్థల స్వభావం ఒకటి కాదు. లోహ పరిశోధనాశాలకు ఒకే విషయం, ఒకే ధ్యేయం. కాశీ విశ్వవిద్యాలయంలో సంస్కృత విద్యా ధర్మవిజ్ఞానం, సంగీతం, వైద్యం, వ్యవసాయం, న్యాయం, ఇంజనీరింగ్ అన్నీ ఒకే ప్రాకారంలో ఉన్నాయి. ప్రయోగశాలలో సంచాలకుని మాట సాధారణంగా నిర్ణయం. విశ్వవిద్యాలయంలో ఉపకులపతి మాట చర్చకు ఆరంభం మాత్రమే. కార్యవర్గం, విద్వత్పరిషత్తు, అధ్యాపక సంఘం, విద్యార్థి వర్గం అన్నిటినీ దాటి అది నిర్ణయమవుతుంది. మూడేళ్ల పదవీకాలం అట్టి సంస్థను తెలుసుకోవడానికే చాలదని చెప్పవచ్చు. 2005లో ఆ కాలం ముగిసింది. ఆయన చదివిన, బోధించిన సాంకేతిక సంస్థ 2012లో భారతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థ హోదా పొంది విశ్వవిద్యాలయం నుంచి విడివడింది. నూరేళ్ల నాడు మాలవీయ ఒక్కచోట కలిపిన శాస్త్రాలు ఇప్పుడు పాలనలో రెండుగా ఉన్నాయి. ఇది లాభమా నష్టమా అన్న చర్చ ఆ ప్రాంగణంలో త్వరగా తీరేది కాదు.

మూడవ మజిలీ

2005లో పుణె సమీపంలోని గిరినగర్‌లో ఉన్న రక్షణ ఉన్నత సాంకేతిక విజ్ఞాన సంస్థకు రామచంద్రరావు తొలి ఉపకులపతి అయ్యారు. దీని చరిత్ర కూడా బోధన, పరిశోధనల కలయికకు నిదర్శనమే. 1952లో ఆయుధ అధ్యయన సంస్థగా ఇది పుట్టింది. 1967లో ఆయుధ సాంకేతిక సంస్థ అయింది. త్రివిధ దళాల అధికారులకు, రక్షణ శాస్త్రవేత్తలకు శిక్షణ ఇవ్వడం దాని పని. 2000లో విశ్వవిద్యాలయ హోదా లభించగా, 2006లో కొత్త పేరు పెట్టుకుంది. శిక్షణాలయం విశ్వవిద్యాలయంగా మారడమంటే ఫలకం మీద అక్షరాలు మార్చడం కాదు. శిక్షణాలయం తెలిసిన దానిని నేర్పుతుంది. విశ్వవిద్యాలయం తెలియని దానిని వెదకడం కూడా నేర్పాలి. ఆ మార్పుకు తొలి సారథిగా, గీతకు రెండు వైపులా పనిచేసిన వ్యక్తిని ఎన్నుకోవడం సముచితం.

2007లో పదవీ విరమణ చేసిన పిదప ఆయన హైదరాబాదులోని చూర్ణ లోహశాస్త్ర, నూతన పదార్థాల ఉన్నత పరిశోధనా కేంద్రంలో రాజా రామన్న పరిశోధకులుగా చేరారు. మూడు సంస్థలకు అధిపతిగా ఉన్నవారు తిరిగి పరిశోధకుని బల్ల దగ్గర కూర్చున్నారు. 2010 జనవరి 10న పరమపదించేవరకు ఆ పని సాగింది.

ఒక తరం, ఒక ప్రశ్న

రామచంద్రరావును గురించి చెప్పేటప్పుడు తరచు పొరపాటు పడే విషయం ఒకటి ఉంది. ఆచార్య పల్లె రామారావు వేరు, ఆచార్య పచ్చా రామచంద్రరావు వేరు. ఇద్దరూ తెలుగువారు, ఇద్దరూ 1942లో జన్మించారు, ఇద్దరూ కాశీ లోహశాస్త్ర విభాగంలో ఎదిగారు, ఇద్దరూ భట్నాగర్ పురస్కార గ్రహీతలు. పల్లె రామారావు హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాశాలను నడిపి, 1999 నుంచి 2002 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. అనగా ఒకే విభాగం నుంచి వచ్చిన ఇద్దరు తెలుగు శాస్త్రజ్ఞులు, ఒకే విధంగా ప్రయోగశాలను దాటి విశ్వవిద్యాలయ పాలనకు చేరారు. తరువాత 2011లో కాశీ విశ్వవిద్యాలయ ఉపకులపతి అయిన లాల్జీ సింగ్ కూడా హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రానికి సంచాలకులుగా ఉన్నవారే. ఆయన కూడా కాశీ విద్యార్థే. వీరి జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, గీతను దాటడం వ్యక్తుల విషయంలో సాధ్యమేనని స్పష్టమవుతున్నది.

సంస్థల విషయంలో అది సాధ్యమవడానికి మరికొంత కాలం పట్టింది. పరిశోధనా మండలి ప్రయోగశాలలే పట్టాలు ఇవ్వగలిగేటట్లు శాస్త్రీయ, నవకల్పన పరిశోధనా అకాడమీ ఏర్పాటుకు 2010లో నాంది పలికారు. పార్లమెంటు ఆమోదించిన చట్టం 2012లో అమలులోకి వచ్చింది. జంషెడ్‌పూర్ ప్రయోగశాలలోని యువ పరిశోధకుడు ఇక పట్టా కోసం మరొక విద్యాపీఠంలో పేరు నమోదు చేసుకోవలసిన అగత్యం లేదు. ప్రయోగశాల వైపు నుంచి గీత చాలావరకు చెరిగిపోయింది.

విశ్వవిద్యాలయం వైపు నుంచి మాత్రం అది ఇంకా మిగిలే ఉంది. 1960లలో కాశీ లోహశాస్త్ర విభాగానికి పెద్ద యంత్రాలు లేవు. తగిన ప్రశ్నను ఎన్నుకోగల ఆచార్యుడు, ఆ ప్రశ్న మీద ఇరవై ఏళ్లు నిలకడగా పనిచేయగల శిష్యులు ఉన్నారు. అక్కడ తయారైన మనుషులే తరువాత జాతీయ ప్రయోగశాలలకు సారథులయ్యారు. ప్రయోగశాలలు పట్టాలు ఇవ్వగలిగినా, ఆ ప్రయోగశాలలకు చేరవలసిన మొదటి విద్యార్థిని తయారుచేయవలసింది నేటికీ జిల్లా కళాశాల, రాష్ట్ర విశ్వవిద్యాలయం. ఆ కళాశాలలో ఖాళీగా ఉన్న అధ్యాపకుని కుర్చీ, తాళం వేసి ఉన్న ప్రయోగశాల గది ఏ చట్టంతోనూ నిండవు. విద్యాపాలన చేపట్టినవారు ఆదాయ లక్ష్యాలను, అంతస్తుల సంఖ్యను లెక్కించే ముందు ఈ లెక్క చూసుకోవాలి. కౌతవరం నుంచి కాశీకి, కాశీ నుంచి జంషెడ్‌పూర్‌కు సాగిన ఒక తెలుగు అధ్యాపకుని ప్రయాణం సాధ్యపడినది దారి పొడవునా ఎవరో ఒకరు పాఠం చెప్పడానికి ఉండబట్టే.